చలి ముంగిట లాయం: రక్షించిన గుర్రాల నిత్య సంరక్షణ

ప్రస్తావన

కార్తీకం ప్రవేశించేసరికి దక్కను నగరాలలో గాలి మారుతుంది. పగలు ఎండ చురుక్కుమంటూనే ఉంటుంది. పొద్దు కుంకగానే చలి నేలమీదికి దిగుతుంది. పుణె, షోలాపూర్, బెంగళూరు వంటి ఊళ్ళలో జనం ఉన్నిబట్టలు దులిపి ఎండలో ఆరవేసుకునే రోజులివి. నగర శివార్లలోని పశురక్షణ కేంద్రాలలో, పింజ్రాపోళ్ళలో బండికి కట్టి కట్టి ఒళ్ళు గుల్లయిన గుర్రాలు కూడా ఈ రోజులలోనే చలికి సిద్ధపడవలసి ఉంటుంది. వాటికి చలినుంచి కాపు మూడే: ఒంటిమీది వెంట్రుక, కడుపులోని గడ్డి, పక్కనున్న మనిషి శ్రద్ధ. ఈ పాఠం ఆ మూడింటిని గురించినది.

గుర్రం తెలుగువారికి పరాయి జంతువు కాదు. ఉలవలు గుర్రపు దాణాగా ఎంత ప్రసిద్ధమంటే, ఇంగ్లీషువారు ఆ గింజకు గుర్రం పేరే పెట్టారు. నగరాలకు వలస వచ్చిన తొలి తరాలవారు రైలు దిగి, మూటాముల్లె జట్కాలో వేసుకునే ఇల్లు చేరారు. ఆ జట్కాలు, టాంగాలు క్రమంగా తగ్గిపోయాయి. 2015 జూన్‌లో బొంబాయి హైకోర్టు, ముంబయి వీధులలో విహారానికి తిరిగే విక్టోరియా గుర్రపు బండ్లు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పి, ఏడాదిలోగా వాటిని నిలిపివేయమని ఆదేశించింది. గుర్రాలకూ, వాటిమీద బతికే కుటుంబాలకూ పునరావాసం కల్పించవలసిన బాధ్యతను కూడా ఆ తీర్పు గుర్తుచేసింది. అటువంటి మార్పులు జరిగిన ప్రతి ఊరిలో ఒక ప్రశ్న మిగులుతుంది. బండి ఆగిన తరువాత గుర్రం ఎక్కడికి పోవాలి? దానికి రేపు ఉదయం మేత ఎవరు వేయాలి?

రక్షణ ఒక్కరోజు పని. పోషణ ప్రతిరోజు పని. కేంద్రానికి చేరిన తరువాత కూడా కొన్ని గుర్రాలు చనిపోతాయి. ఆ చావులలో కొన్నింటికి కారణం లెక్క తెలియని దయ. సెలవురోజున పిల్లలతో వెళ్ళి గుర్రానికి బెల్లం తినిపించే పౌరుడు, గడ్డికి చందా ఇచ్చే వర్తకుడు, వారానికొక పూట స్వచ్ఛందంగా పనిచేసే విద్యార్థి, వీరందరూ ఆ లెక్క తెలుసుకోదగినవారే.

1. మొదటి పది రోజులు: ఆకలికి అన్నం ఒక్కసారిగా పెట్టరాదు

నెలల తరబడి అర్ధాకలితో ఉన్న గుర్రం తన ఒంటి కొవ్వునూ, ఆపైన కండనూ కరిగించుకుని బతుకుతుంది. ఆ దశలో దాని శరీరంలోని భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు అడుగంటి ఉంటాయి. అటువంటి గుర్రం ముందు బుట్టెడు గింజలో, బెల్లమో, రొట్టెలో పెడితే అది ఆత్రంగా తింటుంది. చూసేవారికి కళ్ళు చెమరుస్తాయి. కాని ఆ పిండిపదార్థం వల్ల రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరుగుతుంది. దానిని అదుపు చేయడానికి ఇన్సులిన్ ఎక్కువగా ఊరుతుంది. ఆ ఇన్సులిన్ చక్కెరతోపాటు రక్తంలో మిగిలిన కొద్దిపాటి లవణాలను కూడా కణాలలోకి లాగివేస్తుంది. గుండె, ఊపిరితిత్తులను ఆడించే కండరాలు ఆ లవణాలు లేక తడబడతాయి. బాగా తింటున్నదనుకున్న గుర్రం మూడు రోజులకో, వారానికో, పది రోజులలోపో కుప్పకూలుతుంది. ఇది విషప్రయోగమూ కాదు, దృష్టిదోషమూ కాదు, మేత తప్పు.

అందుచేత బక్కచిక్కిన గుర్రం రాగానే చేయవలసిన మొదటి పని పశువైద్యుడిని పిలవడం. రెండవది శుభ్రమైన నీరు కొద్దికొద్దిగా, పలుమార్లు ఇవ్వడం. మేతగా ఆకు ఎక్కువగా ఉన్న ఎండు లూసర్ను గడ్డి మేలు. దానిలో పిండిపదార్థం తక్కువ, మాంసకృత్తులూ లవణాలూ ఎక్కువ. ఈ గడ్డిని తమిళ సంతలలో ‘కుదిరై మసాల్’ అనీ, మహారాష్ట్రలో ‘లసూణ్ ఘాస్’ అనీ అడిగితే దొరుకుతుంది. పెద్ద గుర్రానికి మొదటి మూడు రోజులు నాలుగు గంటలకొకసారి సుమారు అర కిలో చొప్పున, రాత్రిళ్ళు కూడా, పెడతారు. మన నగరాలలో కనిపించే చిన్న జాతి గుర్రాలకు అంతకన్న తక్కువ చాలు. నాలుగవ రోజునుంచి పదవ రోజువరకు పరిమాణాన్ని మెల్లగా పెంచుతూ, పూటల సంఖ్యను తగ్గిస్తూ వస్తారు. ఈ పది రోజులలో ఉలవలు, శనగలు, మొక్కజొన్నలు, బెల్లం, అరటిపండ్లు, పెళ్ళివిందులో మిగిలిన పూరీలు, ఏవీ పెట్టరాదు. వైద్యుడు అనుమతించినదే మేత. పురుగుల మందు కూడా ఆయన చెప్పిన రోజునే. బలహీనమైన ఒంటికి మందు దెబ్బ వేరుగా ఉంటుంది.

ఒక్క వారంలో గుర్రం నిగనిగలాడాలని ఆశించడం తగదు. పోయిన ఒళ్ళు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. శరదృతువులో వచ్చిన గుర్రం ఆ చలికాలమంతా రోగివంటిదే అని ఎంచి చూసుకోవాలి.

2. కంటిని నమ్మక చేతిని, టేపును నమ్మాలి

పగటి వెలుతురు తగ్గే కొద్దీ గుర్రానికి ఒత్తయిన చలివెంట్రుక మొలుస్తుంది. ఆ వెంట్రుక కింద పక్కటెముకలు దాగిపోతాయి. దూరంనుంచి చూసేవారు ‘గుర్రం ఒళ్ళు చేసింది’ అని సంతోషిస్తారు. నిజానికి అది ఇంకా చిక్కిపోతూ ఉండవచ్చు. అందువల్ల వారానికొకసారి అరచేతిని చదునుగా పెట్టి పక్కటెముకలు, వెన్ను, తుంటి ఎముకలు, మెడకూ భుజానికీ నడిమి భాగం, తోక మొదలు తడిమి చూడాలి. అమెరికాలో డాన్ హెనెకే 1983లో ప్రకటించిన 1 నుంచి 9 వరకు గల కొలమానం ఈ పరీక్షకే ఉద్దేశించినది. 1 అంటే ఎముకల గూడు, 9 అంటే మితిమీరిన కొవ్వు, 5 మధ్యస్థం. 5 దగ్గర ఉన్న గుర్రం పక్కటెముకలు కంటికి కనిపించవు, చేతికి సులువుగా తగులుతాయి.

బరువు తూచే యంత్రం లేనిచోట కుట్టుపని టేపు చాలు. ముందుకాళ్ళ వెనుకగా ఛాతీ చుట్టుకొలతను, భుజపు కొననుంచి పిరుదు కొనవరకు పొడవును సెంటీమీటర్లలో కొలవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చవేసి, ఆ మొత్తాన్ని పొడవుతో హెచ్చవేసి, 11,880తో భాగిస్తే వచ్చేది కిలోలలో సుమారు బరువు. ఉదాహరణకు చుట్టుకొలత 150, పొడవు 130 అయిన గోడిగ, అంటే ఆడగుర్రం, బరువు సుమారు 246 కిలోలు. పదిహేను రోజులకొకసారి ఇలా కొలిచి గోడమీద రాసిపెడితే గుర్రం పెరుగుతున్నదో, తరుగుతున్నదో ఎవరూ వాదించుకోనవసరం లేదు.

3. వెచ్చదనం పుట్టేది గడ్డిలో

చలికాలంలో గుర్రానికి గింజ వేడి చేస్తుందని చాలామంది నమ్మకం. గుర్రం దేహనిర్మాణం మరొకటి చెబుతుంది. దాని కడుపు చిన్నది; పేగుల చివరిభాగం మాత్రం చాలా పెద్దది. నార ఎక్కువగా ఉన్న గడ్డి అక్కడికి చేరి, సూక్ష్మజీవులవల్ల గంటల తరబడి నిదానంగా పులుస్తుంది. ఆ పులియడంలో పుట్టే వేడి లోపలినుంచి ఒంటిని కాస్తుంది. గడ్డి నిండిన పేగు రాత్రంతా ఆరని కుంపటివంటిది. గింజ త్వరగా అరిగి, త్వరగా చల్లారుతుంది; ఎక్కువైతే కడుపుశూల, గిట్టలోపలి వాపు తెచ్చిపెడుతుంది. గిట్టవాపు వచ్చిన గుర్రం ముందుకాళ్ళమీద బరువు మోపలేక వెనక్కి వాలి నిలుచుంటుంది. ముదిరితే జీవితాంతం కుంటుతుంది.

కోలుకున్న గుర్రానికి రోజుకు తన బరువులో నూటికి ఒకటిన్నరనుంచి రెండు వంతుల ఎండుమేత కావాలి. పైన చెప్పిన 246 కిలోల గోడిగకు అది సుమారు 3.7 నుంచి 4.9 కిలోలు. చలి ముదిరేకొద్దీ గడ్డిని పెంచాలి. అందులో పెద్దవాటా సాయంత్రం వేయాలి. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలు చలి తీవ్రంగా ఉండే వేళ. అప్పటికి పేగులో గడ్డి మిగిలి ఉండాలి. ఉలవలు పెట్టదలచినవారు నానబెట్టి, ఉడికించి, చల్లార్చి, కొద్ది పాళ్ళలో, గడ్డి తిన్న తరువాతనే పెట్టాలి. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అన్న సామెత పనికిరానివారి తిండిని ఎత్తిపొడవడానికి పుట్టింది. రక్షణ కేంద్రం దానిని తలకిందులుగా చదువుకోవాలి: గుర్రం గుడ్డిదైనా, కుంటిదైనా, దాని మేతకు తక్కువ చేయరాదు.

మేత ఎంపికలో నగరవాసులు గుర్తుంచుకోవలసిన నిషేధాలు కొన్ని ఉన్నాయి. కోళ్ళ దాణా గుర్రానికి పెట్టరాదు. కోళ్ళ రోగానికి అందులో కలిపే మోనెన్సిన్ వంటి మందులు గుర్రం గుండెను దెబ్బతీసి ప్రాణం తీస్తాయి. పశువుల దాణాలోనూ అటువంటివి కలిసి ఉండవచ్చు కనుక దానిని కూడా వాడకపోవడమే క్షేమం. లేత పచ్చజొన్న పైరు విషతుల్యం. గోధుమతవుడే నిత్యాహారమైతే సున్నం తక్కువై ఎముకలు దెబ్బతింటాయి. పార్కులలో కోసిన గడ్డి కుప్పలుగా పడి వేడెక్కి ఉంటుంది. దానిని తెచ్చి వేయడం దానం అనిపించుకోదు. గన్నేరు కొమ్మలు, ఆకులు ఏ రూపంలోనూ లాయం దరిదాపులకు రారాదు.

వానాకాలం వెళ్ళిన వెంటనే వచ్చే గడ్డిలో తడి, బూజు ఉంటాయి. మోపును విప్పి లోపలి భాగాన్ని వాసన చూడాలి. ముక్కవాసన, నల్లమచ్చలు, పొడిలా రేగే తెల్లని ధూళి ఉంటే ఆ మోపు మొత్తం తిప్పిపంపాలి. మంచిగడ్డిలో కూడా దుమ్ము ఉంటే నీరు చిలకరించి వేయాలి. లేకపోతే దగ్గు పట్టుకుంటుంది. నిల్వచేసే గడ్డిని నేలమీద కాక చెక్కలమీద పేర్చాలి.

4. నీరు: చలికాలపు మరచిన మేత

చలికాలంలో లాయాలకు వచ్చే ప్రధానమైన ఆపద కడుపుశూల. దానికి తరచు మూలం దాహం తీరకపోవడం. వేసవిలో పచ్చిక ద్వారా కొంత నీరు ఒంటికి చేరుతుంది. చలికాలంలో మేత అంతా ఎండుగడ్డి. పైగా మిద్దెమీది ట్యాంకులో రాత్రంతా చల్లబడిన నీటిని గుర్రం రెండు గుక్కలు తాగి తల తిప్పుకుంటుంది. ఎండుగడ్డి తగినంత నీరు లేక పేగు మలుపులో గట్టిపడి అడ్డుపడుతుంది. రెండు రోజుల తరువాత గుర్రం నేలమీద పొర్లుతున్నప్పుడు, ఆ పొరపాటు రెండు రోజుల కిందట బకెట్టులోనే జరిగిందని ఎవరికీ గుర్తుండదు.

వంద కిలోల బరువుకు సుమారు 5 లీటర్లకు తక్కువ కాకుండా నీరు తాగాలి. 246 కిలోల గోడిగకు 12 లీటర్లు కనీసం. ఎండుమేతమీద ఉన్నప్పుడు అంతకు మించి అవసరమవుతుంది. పెద్ద తొట్టిలో అందరికీ కలిపి నీరు పోస్తే ఎవరు ఎంత తాగారో తెలియదు. ఒక్కొక్క గుర్రానికి వేరుగా బకెట్టు పెట్టి, పోసినదీ మిగిలినదీ చూడాలి. తెల్లవారుజామున నీటిలో కాస్త వేడినీరు కలిపి గోరువెచ్చగా ఇస్తే గుర్రం ఇష్టంగా తాగుతుంది. నాకడానికి రాతి ఉప్పు ముద్ద వేలాడదీస్తే దాహం పుడుతుంది. బకెట్టును రోజూ తోమి కడగాలి. పాకుడు పట్టిన నీటిని గుర్రం మూతికి కూడా తగిలించుకోదు.

5. కొట్టం, పడక, కంబళి

చలిని ఊళ్ళన్నీ ఒకే విధంగా చూడవు. పుణెలో డిసెంబరు, జనవరి రాత్రులు తరచు 10–12 డిగ్రీలకు, అప్పుడప్పుడు ఆ దిగువకు చల్లబడతాయి. అదే రోజు మధ్యాహ్నం 28, 30 డిగ్రీల ఎండ కాస్తుంది. బెంగళూరులో చలి అంతకన్న మృదువు, కాని తేమ ఎక్కువ. చెన్నపట్నంలో, యానాంలో చలికంటె ముందు ఈశాన్య రుతుపవనాల వానలు వస్తాయి. అక్కడ అసలు శత్రువు తడి. ఒళ్ళున్న ఆరోగ్యమైన గుర్రం పొడిగా ఉంటే మన చలిని సులువుగా ఓర్చుకుంటుంది. ముసలివి, బక్కవి, వెంట్రుక కత్తిరించినవి, తడిసినవి ఓర్చుకోలేవు. గుర్రం వెంట్రుకలు నిక్కి నిలిచి మధ్యన గాలిని బంధిస్తాయి. ఆ గాలిపొరే దాని దుప్పటి. వెంట్రుక తడిసి ఒంటికి అంటుకుంటే ఆ పొర నశిస్తుంది.

కొట్టానికి గాలివాటు వైపు గోనెపట్టాలు కట్టాలి. కాని నాలుగువైపులా మూసివేయరాదు. మూసిన కొట్టంలో మూత్రంనుంచి లేచే ఘాటైన అమోనియా ఊపిరితిత్తులను గాయపరుస్తుంది. మనిషి లోపల మోకాళ్ళమీద కూర్చుని చూడాలి. కళ్ళు మండితే గుర్రం పడుకునే ఎత్తులో గాలి చెడినట్లే. పైకప్పుకూ గోడకూ మధ్య గాలి పోయే సందు ఉండి, గుర్రం ఒంటిమీదికి నేరుగా ఈదర కొట్టకుండా ఉంటే చాలు. వెచ్చదనానికని కొట్టంలో సెగమంట వేయడం పాత అలవాటు. పొగ ఊపిరికి చేటు, నిప్పురవ్వ గడ్డివామికి చేటు. దానిని మానాలి.

సిమెంటు నేల చలిని పీల్చి ఒంటికి అందిస్తుంది. వరిగడ్డి, రంపపుపొట్టు, పాత రబ్బరు చాపలు, ఏవి దొరికితే వాటితో నాలుగు వేళ్ళ మందాన పడక వేయాలి. తడిసిన భాగాన్ని, లద్దిని పూటపూటకు తీసివేయాలి.

కంబళి విషయంలో నియమం సరళమైనది: అవసరమైన గుర్రానికి, పొడి కంబళి, రాత్రిపూట మాత్రమే. గోనెసంచులు కుట్టి లోపల పాత దుప్పటి వేసినా సరిపోతుంది. తడి కంబళి వేయడం కంటె వేయకపోవడం మేలు. ఉదయం ఎండ ఎక్కగానే తీసివేయాలి. లేకపోతే మధ్యాహ్నం చెమట పట్టి, రాత్రి ఆ చెమటే చలవై కూర్చుంటుంది. రోజుకొకసారి తప్పక కంబళి కింద చేయి పెట్టి చూడాలి. భుజాల దగ్గర రాపిడి పుండ్లు, తరిగిపోతున్న ఒళ్ళు, కంబళి చాటున దాగే రెండు దోషాలివి.

6. గిట్ట, చర్మం, పళ్ళు

గిట్ట లేనిది గుర్రం లేదని సాహిణులందరూ ఎరిగిన మాట. రోజూ నాలుగు గిట్టలనూ ఎత్తి, మొద్దు కొనగల ఇనుప కొక్కెంతో మడమవైపునుంచి కొనవైపుకు మట్టి, రాళ్ళు తీయాలి. గిట్ట అడుగున ముక్కోణాకారంలో ఉండే మెత్తని భాగం పక్క గాడులలో నల్లని జిగురు, దుర్వాసన కనిపిస్తే కుళ్ళు మొదలైనదని అర్థం. వానలో నానిన నేల, తడి పడక దానికి కారణాలు. గాడిని శుభ్రపరచి ఆరబెట్టి, వైద్యుడు చెప్పిన మందు వేయాలి. గిట్ట చలికాలంలోనూ పెరుగుతుంది. పని లేదు కదా అని లాడం కొట్టే మనిషిని పిలవడం మానరాదు. ఆరు, ఎనిమిది వారాలకొకసారి గిట్ట చెక్కించాలి. బండి మానిన గుర్రానికి లాడాలు తీసివేయవచ్చునా అన్నది అతడూ వైద్యుడూ కలిసి చెప్పవలసిన మాట.

ఒళ్ళు తోమడానికి గొరపం, కుంచె చాలు. ఎండ వచ్చిన తరువాతనే తోమాలి. చలికాలంలో తలనుంచి తోకదాకా నీళ్ళు పోసి కడగడం మంచిది కాదు. మురికి అయిన చోటును మాత్రమే తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. జీను, పట్టెడ ఒరసిన పాత పుండ్లమీద తోమరాదు. గుర్రం గడ్డిని నమిలి ఉండలుగా ఉమ్మివేస్తూ ఉంటే పళ్ళ అంచులు పదునెక్కి బుగ్గను కోస్తున్నాయని అర్థం. ఎంత మేత వేసినా ఒళ్ళు రాకపోవడానికి ఇదొక సామాన్య కారణం.

7. కాపరి కన్ను కనిపెట్టవలసినవి

నిలకడగా ఉన్న గుర్రం ఒంటివేడి సుమారు 37.2 నుంచి 38.3 డిగ్రీలు, నాడి నిమిషానికి 28–44, ఊపిరి 8–16. కొత్తగా వచ్చిన గుర్రాన్ని మిగతావాటితో కలపకుండా వేరు కొట్టంలో, వేరు బకెట్టుతో ఉంచి, రెండు పూటలా వేడి చూసి రాయాలి.

కడుపుశూల: ముందుకాలితో నేల గీయడం, తల తిప్పి డొక్కను చూసుకోవడం, పొర్లడం, లద్ది వేయకపోవడం దీని గుర్తులు. మేత వెంటనే తీసివేసి వైద్యుడిని పిలవాలి. సీసాతో గొంతులో నూనె పోయడం పెద్ద ప్రమాదం. అది ఊపిరితిత్తులలోకి పోతే గుర్రం దక్కదు.

సర్రా: జోరీగలవంటి కుట్టే ఈగలు మోసుకువచ్చే రక్తరోగం. వానల తరువాతి నెలలలో ఎక్కువ. వచ్చిపోయే జ్వరం, కాళ్ళలో, పొట్ట కింద వాపు, తింటున్నా చిక్కిపోవడం దీని లక్షణాలు. రక్తపరీక్షతోనే నిర్ధారణ.

ధనుర్వాతం: చిన్న మేకు దిగినా రావచ్చు. గుర్రం దీనికి త్వరగా లోబడుతుంది. గుర్రానికీ, దానిని చూసుకునే మనిషికీ టీకా ఉండాలి.

గ్లాండర్స్: ముక్కునుంచి చిక్కని చీమిడి, చర్మంమీద పగిలే గడ్డలు దీని గుర్తులు. ఇది మనుషులకు సోకే ప్రాణాంతక వ్యాధి, టీకా లేదు. అనుమానం వస్తే తాకకుండా దూరం పాటించి ప్రభుత్వ పశువైద్యాధికారికి తెలపడం 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం విధి. నిర్ధారణ పరీక్షలకు హర్యానాలోని హిస్సార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉన్నది.

8. ఒకరోజు దినచర్య

తెల్లవారి ఆరు గంటలు: మేత వేయకముందే నిలబడి చూడాలి. రాత్రి గడ్డి మిగిలిందా? లద్ది ఎన్నిసార్లు వేసింది? రోజు మొత్తంమీద ఎనిమిది నుంచి పన్నెండుసార్లు వేయడం ఆరోగ్యలక్షణం. నాలుగు కాళ్ళమీదా సమంగా నిలుచున్నదా?

ఆరున్నర: గోరువెచ్చని నీరు, ఆపైన గడ్డి. పడకలోని తడి తీయడం.

ఎనిమిదిన్నర: ఎండ తగలగానే కంబళి తీసి ఎండలో ఆరవేయడం. ఒళ్ళు తడమడం, తోమడం, గిట్టలు చూడడం.

తొమ్మిదిన్నరనుంచి పదకొండు: ఎండలో విడిచి తిరగనివ్వడం. కట్టివేసిన గుర్రం పేగు కూడా మందగిస్తుంది. నడకే దానికి మందు.

మధ్యాహ్నం: గడ్డి, నీరు. సాయంత్రం నాలుగు: మరొక విడత గడ్డి, వైద్యుడు చెప్పినవారికి ఉడికించిన దాణా.

ఆరు గంటలు: రోజులో పెద్ద మోపు. పొడి పడక. అవసరమైనవాటికి కంబళి. బకెట్టులో మిగిలిన నీటి లెక్క పుస్తకంలోకి.

రాత్రి తొమ్మిదిన్నర: లాంతరుతో చివరి చూపు. ఐదు నిమిషాల పని. చాలా గుర్రాల ప్రాణం దక్కేది ఈ ఐదు నిమిషాలలోనే.

9. పండుగలు, పెళ్ళిళ్ళు, పౌరుడు

చలికాలపు వాకిట దీపావళి ఉంటుంది. గుర్రం పారిపోవడమే రక్షణగా పుట్టిన జంతువు. బాణసంచా చప్పుడుకు పగ్గం తెంచుకుని రోడ్డుమీద పడుతుంది, లేదా కట్టుకొయ్యకే కాళ్ళు విరగగొట్టుకుంటుంది. కేంద్రాల సమీపంలోని వాడలవారు ఆ రాత్రి టపాకాయలు దూరంగా కాల్చుకోవడం పెద్ద సేవ. పండుగ మరునాడు కొట్టంలో, మేతలో కాలిన కాగితాలు, తీగలు లేకుండా ఏరివేయాలి.

ఆ వెనువెంటనే పెళ్ళిళ్ళ కాలం వస్తుంది. పెండ్లికొడుకును గుర్రమెక్కించే ఆచారం ఉన్న కుటుంబాలు, ఆ గుర్రం కుంటుతున్నదా, ఒంటిమీద పుండ్లున్నాయా, డప్పుల నడుమ ఎన్ని గంటలు నిలబడుతున్నది అని అడగడం తప్పు కాదు. అడిగేవారుంటే సమాధానం చెప్పే అలవాటు పుడుతుంది.

బండి యజమానిని శత్రువుగా చూడడం కూడా తగదు. తరతరాలుగా గుర్రంతో బతికిన మనిషికి దాని చెవి కదలికలో అర్థం తెలుసు. అతడికి లేనిది తరచు గడ్డికి డబ్బు, వైద్యానికి దారి. అటువంటివారిని కేంద్రాలలో కాపరులుగా నియమించుకుంటే రెండు బతుకులు నిలుస్తాయి.

చట్టం మాట కూడా తెలుసుకోవాలి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షను ప్రకారం పెంచుకునే జంతువుకు చాలినంత మేత, నీరు, నీడ ఇవ్వకపోవడమూ, ఆకలిదప్పులకు వదిలివేయడమూ నేరాలే. ప్రాణులపట్ల దయ చూపడం రాజ్యాంగంలోని 51–ఎ (జి) అధికరణం చెప్పిన పౌరధర్మం. రోడ్డుమీద పడిపోయిన, వదిలివేసిన గుర్రం కనిపిస్తే స్థానిక జంతుహింస నివారణ సంఘానికి, పోలీసులకు, పురపాలక పశువైద్య విభాగానికి తెలపవచ్చు. అనేక రాష్ట్రాలలో 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది. సాయం వచ్చేలోగా నీడ, కొద్దిగా నీరు ఇవ్వవచ్చు; మేత పెట్టకుండా ఆగాలి.

దానం చేయదలచినవారికి ఒక్క సూచన: తినిపించే వస్తువు తీసుకుపోయే ముందు కేంద్రంవారిని అడగాలి. ఒక మోపు శుభ్రమైన ఎండుగడ్డి, ఒక పొడి కంబళి, లాడం మనిషి ఒకనాటి కూలి, ఇవి బుట్టెడు మిఠాయికన్న ఎక్కువ కాలం గుర్రాన్ని నిలబెడతాయి. అన్నింటికన్న విలువైన దానం ప్రతి వారమూ తప్పక వచ్చే ఒక పూట సమయం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దల మాట. కార్తీకంలో ఎముకల గూడుగా వచ్చిన గుర్రం ఆ శివరాత్రినాడు ఎండలో నిలబడి పాతవెంట్రుక రాల్చుకుంటూ ఉంటే, ఆ నాలుగు నెలల రోజువారీ లెక్క సరిపోయినట్లే.

పునశ్చరణ

1. ఆకలితో చిక్కిన గుర్రానికి మొదటి పది రోజులు గింజలు, బెల్లం ఎందుకు పెట్టరాదు?
2. ఛాతీ చుట్టుకొలత 160, పొడవు 140 సెంటీమీటర్లు ఉన్న గుర్రం బరువెంత? దానికి రోజుకు ఎంత ఎండుమేత కావాలి? (జవాబు: సుమారు 302 కిలోలు, 4.5 నుంచి 6 కిలోలు.)
3. చలికాలంలో గడ్డిలో పెద్దవాటాను సాయంత్రం వేయడానికి కారణమేమి?
4. తొట్టికి బదులు విడి బకెట్టు వాడడంవల్ల కలిగే ప్రయోజనమేమి?
5. మీ వాడకు దగ్గరలో ఉన్న పశువైద్యశాల, పశురక్షణ కేంద్రం ఏవి? వాటి ఫోను నంబర్లను కనుగొని ఈ పుట అడుగున రాసుకోండి.